సాక్షి లేని ముద్ర

విదేశమునకు పోవు ఆంధ్రుని పెట్టెలో నేడు బట్టలకంటెను, ఆవకాయ జాడీకంటెను ముందుగ సర్దబడుచున్నవి కాగితములు. జననపత్రము, పదవతరగతి పట్టా, వివాహపత్రము, పోలీసువారి నడవడి పత్రము, ఇంటివద్ద నుండువారికి వ్రాసియిచ్చిన ముఖ్తారునామా - వీనిపై ముద్రలు పడనిదే పరదేశమున పనిలేదు, చదువులేదు, కుటుంబమును పిలిపించుకొను వీలులేదు. ఈ ముద్రలకొరకు మన న్యాయస్థానముల ప్రహరీగోడల వెంబడి ఒక సంత వెలసియున్నది. చెట్టునీడను ఒక బల్ల, బల్లమీద సిరామెత్త, ప్రక్కన ఒక గుమాస్తా. ఆ సంతలో విశ్వాసము చౌకగ అమ్ముడుపోవుచున్నది. ఆ సంగతినే నేడు మేము ప్రస్తావింపదలచితిమి.

నోటరీ యనగా ఎవరు? 1952వ సంవత్సరపు నోటరీల చట్టము ప్రకారము నియమింపబడిన సాక్షి. సామాన్యముగ పదియేండ్లు న్యాయవాదవృత్తి చేసినవారికి గాని, చట్టము పేర్కొనిన కొన్ని వర్గములవారికి ఏడేండ్లకు గాని, ఈ గౌరవము లభింపదు. ఎదుటికి వచ్చిన మనుష్యుడెవరో ఆయన తెలిసికొనవలెను. సంతకము తన కన్నులయెదుట జరుగవలెను. నకలును అసలుతో అక్షరమక్షరము సరిచూడవలెను. ఒక భాషనుండి మరియొక భాషకు పత్రమును అనువదించి ధ్రువపరచు అధికారము సైతము చట్టము ఆయనకు ఒసగినది. 1956 నాటి నిబంధనలు ఆయన పుస్తకమున ప్రతికార్యమును నమోదు చేయవలెననియు, రుసుముల పట్టికను అందరికిని కనబడునట్లు ప్రదర్శింపవలెననియు, పుచ్చుకొనిన సొమ్మునకు రసీదు ఇయ్యవలెననియు శాసించుచున్నవి.

పాఠకులారా! మీ పట్టణమున ఆ పట్టికను ఎన్నిమారులు చూచితిరి? ఆ రసీదును ఎన్నిమారులు అందుకొంటిరి? మనిషి రాకుండగనే ముద్ర పడుచున్నది. అసలుపత్రము చూడకుండగనే "సరియైన నకలు" అని వ్రాయబడుచున్నది. ఇది మా వృత్తివారి దోషమే. మా యింటి దోషమును మేమే కప్పిపుచ్చినచో ఇతరుల దోషముల నెంచుటకు మాకు నోరెక్కడిది?

నాలుగేండ్ల క్రిందట జగిత్యాల ప్రాంతపు యువకుడొకడు మా యొద్దకు వచ్చి కంటనీరు పెట్టుకొనెను. గల్ఫునకు పోవు తొందరలో, దళారి చెప్పినచోటనెల్ల సంతకములు చేసెనట. వానిలో ఒకటి వ్రాతలేని స్టాంపుకాగితము. మూడేండ్లు ఎండలో ఇటుకలు మోసి తిరిగివచ్చునప్పటికి ఆ కాగితము అతని రెండెకరములపై దాయాదికి సర్వాధికారములు ఒసగిన ముఖ్తారునామాగ మారియుండెను. దానిపై నోటరీ ముద్ర మెరయుచుండెను. ఆ ముద్ర పడిన దినమున ఆ యువకుడు సముద్రమునకు ఆవల నుండెను! నోటరీ పుస్తకములో ఆ క్రమసంఖ్యయే లేదు. వ్యాజ్యము నేటికిని నడచుచున్నది. భూమి దక్కినను, ఆ యింటి తల్లి గడపిన నిద్రలేని రాత్రులకు ఏ న్యాయస్థానము డిక్రీ ఇయ్యగలదు?

ఇచట చట్టపుమాట ఒకటి చెప్పవలసియున్నది. యజమాని వ్రాసియిచ్చిన దస్తావేజును అతనికి బదులుగ రిజిస్ట్రేషన్ కచేరీలో దాఖలు చేయవలెనన్నచో, స్వదేశమున నుండి వ్రాయు ముఖ్తారునామాకు నోటరీ ముద్ర చాలదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారము అది రిజిస్ట్రారు లేక సబ్‌రిజిస్ట్రారు ఎదుటనే వ్రాయబడి ధ్రువపరుపబడవలెను. విదేశమున నుండి వ్రాయువారు అచటి నోటరీ యెదుటగాని మన రాయబారి కార్యాలయమునగాని వ్రాయవచ్చును. అట్టి పత్రము మన దేశమునకు చేరిన మూడుమాసములలో దానికి స్టాంపు సుంకము చెల్లింపవలెను. ఈ చిన్న సంగతి తెలియక ఎన్ని కుటుంబములు వ్యర్థమైన కాగితమును నమ్ముకొని కూర్చున్నవో!

ఇక అపోస్టిల్ అను మాట నేడు పల్లెలకును ప్రాకినది. 1961 అక్టోబరు 5న హేగ్ నగరమున కుదిరిన ఒడంబడికవలన అది పుట్టినది. మన దేశమునందు 2005 జూలై 14 నుండి అమలులోనికి వచ్చినది. విదేశాంగశాఖ దానికి నిర్ణయించిన రుసుము పత్రమునకు ఏబది రూపాయలు. స్వీకరణసంస్థల చిల్లర రుసుములు కొన్ని దీనికి తోడగును. దళారులు వేలకువేలు గుంజుచున్నది ఈ పనికే! ఒడంబడికలో చేరని దేశమునకు ఆ దేశపు రాయబార కార్యాలయపు ముద్ర వేరుగ కావలెను. సౌదీ అరేబియాలో ఈ ఒడంబడిక 2022 డిసెంబరు 7 నుండియు, కెనడాలో 2024 జనవరి 11 నుండియు అమలైనది. ఆ తేదీల నెరుగని వానివద్ద పాతపద్ధతి పేరుతో రెండింతలు వసూలు చేయుట దళారికి సులభము.

అన్నిటికంటె ముఖ్యముగ గ్రహింపవలసినదేమనగా, అపోస్టిల్ ధ్రువపరచునది సంతకమును, సంతకము చేసిన అధికారి హోదాను, ముద్రను మాత్రమే. లోపలి వ్రాత సత్యమని అది చెప్పదు. నోటరీ చూడక వేసిన ముద్రపై ప్రభుత్వము ముద్ర వేసిన, అసత్యము సత్యము కాబోదు. అసత్యమునకు పట్టుశాలువ కప్పినట్లగును. కావున గొలుసునందలి మొదటి కొక్కెము నోటరీయే. అది త్రుప్పుపట్టినచో తక్కిన కొక్కెములు బంగారమువైనను ఏమి లాభము?

"ఇది అంతయు లాంఛనమే, తొందరలో నున్నవానికి ఇన్ని నియమములు ఏల?" అని కొందరు మిత్రులు వాదించుచున్నారు. తొందరలో నున్నవానినే మోసగించుట తేలిక గదా! మన పేర్ల సంగతియే చూడుడు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట పొడి అక్షరము. పదవతరగతి పట్టాలో ఒక వర్ణక్రమము, పాస్‌పోర్టులో వేరొకటి. ఇద్దరును ఒకరే యని ప్రమాణపత్రము వ్రాయవలసివచ్చినప్పుడు నోటరీ కన్ను విప్పి చూచినచో ఆ తప్పు ఇచటనే దిద్దుకొనవచ్చును. చూడనిచో అది పరాయిదేశపు కచేరీలో బయటపడును. అచట మన మొర వినువా డెవడు?

1860 నవంబరు 16న చెన్నపట్టణమునుండి ట్రూరో అను ఓడ నేటాలునకు కూలీలను చేర్చినది. అది మొదలు వేలకొలది తెలుగువారు ఆ దేశమునకు పోయిరి. ఎందరో తాము చదువలేని ఒప్పందముపై వ్రేలిముద్ర వేసిరి. ఆ "అగ్రిమెంటు" మాటయే "గిర్మిట్" అయ్యెను. దేశమంతయు ఎలుగెత్తిన మీదట 1917లో గిర్మిట్ కూలీల యెగుమతి అన్ని దేశములకును నిలిచినది. నాడు మనలను చదువనీయకుండ వ్రేలిముద్ర వేయించినవారు పరాయివారు. నేడు చదువకుండ ముద్రలు వేయుచున్నది మన సోదరులే. స్వరాజ్యము వచ్చినది ఇందులకేనా?

కర్తవ్యమేమి? న్యాయవాది సోదరులారా, ఎదుట లేనివాని సంతకమునకు సాక్ష్యము పలుకమని మీ సంఘములలో తీర్మానింపుడు. తప్పినవానిపై ప్రభుత్వమునకు మీరే వ్రాయుడు. ప్రభుత్వము రుసుములను, పద్ధతిని తెలుగులో పెద్ద అక్షరములతో ప్రతి మండలకచేరి గోడపై వ్రాయించవలెను. ప్రతి పఠనమందిరమునందును చదువుకొనిన యువకుడొకడు ఆదివారమున ఒక గంట కూర్చుండి, ప్రయాణమగువారి పత్రములను చదివి వినిపింపవలెను. మా వంతు మేము రాగల ఆదివారముననే ఆరంభింపనున్నాము.

ప్రయాణమగు సోదరులారా! ఖాళీ కాగితముపై చేవ్రాలు చేయకుడు. ముఖ్తారునామాలో ఏ పనికో, ఎంతకాలమునకో స్పష్టముగ వ్రాయించుడు. రసీదు అడుగుడు, నోటరీ పుస్తకములోని సంఖ్యను వ్రాసికొనుడు, ప్రతిపత్రపు నకలును తల్లియొద్దనో భార్యయొద్దనో ఉంచుడు. అడుగుట అమర్యాద కాదు. మీరు సముద్రము దాటిన పిమ్మట మీ బదులు ఇచట మాటలాడునది ఆ కాగితమే. అది నిజము పలుకునట్లు చూచి మరీ బయలుదేరుడు.