రోగం పటాలానిదా, పుట్టుకదా?

పటాలంలో చేరేనాడు మన పిల్లగాడి ఛాతీ కొలుస్తారు, పళ్లు లెక్కబెడతారు, కళ్లూ చెవులూ పరీక్షిస్తారు. ఏ చిన్న లోపమున్నా తిప్పి పంపుతారు. అంతా బాగుందని రాసుకుని తీసుకున్న మనిషిని ఏళ్ల తరబడి మంచుకొండల్లో కాపలా పెట్టి, జబ్బు చేశాక పంపేసేటప్పుడు మెడికల్ బోర్డు ఒక్క ముక్క రాస్తుంది: ఈ జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల పెరగనూ లేదు. అంతే, వికలాంగ పింఛను గల్లంతు!

బోర్డు రెండు సంగతులు తేలుస్తుంది. ఒకటి, వైకల్యం ఎంత శాతం. 20కి తగ్గితే మామూలుగా పింఛను లేదు. 50 లోపుంటే 50గా, ఆపైన 75గా, 75 దాటితే నూరుగా లెక్కగట్టే పద్ధతి 1996 నుంచి ఉంది. గడువు పూర్తి చేసి దిగినవాళ్లకూ అది ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది.

అసలు పేచీ రెండోదాని దగ్గర, జబ్బుకు కారణం ఏమిటన్న దగ్గర. ధరమ్‌వీర్ సింగ్ 1985లో సిగ్నల్స్ దళంలో చేరాడు. మూర్ఛ వచ్చిందని 1994లో పంపేశారు. 20 శాతం వైకల్యం ఉందని బోర్డే ఒప్పుకుంది. కాని అది ఒంటి తత్వమట! పుట్టుక మీద నెపం వెయ్యడం మన వాడలకు కొత్తా? 2013లో సుప్రీంకోర్టు తేల్చింది: చేరేనాటి కాగితంలో జబ్బు రాయలేదంటే సర్వీసులో వచ్చినట్టే అనుకోవాలి, కాదని రుజువు చేసే బాధ్యత సర్కారుది. అప్పటి పరీక్షకు అందని జబ్బని డాక్టర్లు కారణాలు చూపితే వేరు. ఉత్త మాట చెల్లదు. ఈ ముక్క కోసం 19 ఏళ్లు!

కాగ్ 2023లో బయటపెట్టిన లెక్క చూడండి. ఏటా దిగిపోయే ఆఫీసర్లలో 36 నుంచి 40 శాతం మందికి ఈ పింఛను వస్తోంది. జవాన్లలో 15 నుంచి 18 శాతమే. కందకాల్లో పడుకునేది ఎవరు? ఆఫీసర్ల ఒళ్లు అంత సుకుమారమా, కాగితం నడిపే దారి వాళ్లకు తెలుసా?

2023 సెప్టెంబరు 21 తర్వాత దిగినవాళ్లకు నియమాలు మారాయి. గడువు నిండా పనిచేసినవాళ్లకిచ్చేదానికి 'ఇంపైర్‌మెంట్ రిలీఫ్' అని పేరు పెట్టారు. అంతకుముందు దిగినవాళ్లు పాత నియమాల మీదే కొట్లాడొచ్చు.

మీ ఊళ్లో పింఛను లేదన్న కాగితం ఎవరి ట్రంకుపెట్టెలోనైనా పడుంటే బయటికి తీయించండి. చేరేనాటి మెడికల్ కాగితాలు, బోర్డు రాసిన నివేదిక సమాచార హక్కు కింద అడగండి. అప్పీలు వెయ్యండి. కొట్టేస్తే సాయుధ దళాల ట్రిబ్యునలుంది. బోర్డు కారణం రాసిందా లేదా, ముందు అది చూడండి.