నిచ్చెనకు మగ ఆడ తెలుస్తదా?



పోయినసారి గోడపత్రికలో నేను వర్షాకాలం గురించి రాసిన. బాగుందని కొందరు అన్నరు గానీ నిజం చెప్పాలంటే అందులో సగం వాచకంలోని మాటలే. ఈసారి నా సొంతది రాస్తున్నాను. అక్షర దోషాలుంటే తెలుగు టీచరు దిద్దవచ్చు. అభిప్రాయం మాత్రం దిద్దవద్దని మనవి.

ఏప్రిల్‌లో అగ్నిమాపక వారోత్సవాలకు మన గ్రౌండులోకి ఫైరింజను వచ్చింది, అందరికీ యాదికుండే ఉంటుంది. ఇనుప తొట్టిలో డీజిల్ పోసి అంటుబెట్టి, ఎర్ర సిలిండరుతో ఆర్పి చూపించారు. తర్వాత "ఎవరన్నా పైపు పడతరా?" అని అడిగితే నేనూ ఇంకో అమ్మాయీ పోయినం. నీళ్లు వదలగానే పైపు మమ్మల్ని వెనక్కి నెట్టింది. నా చెప్పు బురదలో ఇరుక్కుంది. అయినా విడవలేదు. అప్పుడు నేను "సార్, ఈ ఉద్యోగం ఎట్ల వస్తది?" అని అడిగిన. ఆయన మంచిగనే చెప్పారు. నోటిఫికేషన్ పడుతుంది, పరీక్ష ఉంటుంది, ఉరకాలె అన్నారు. చివరికి నవ్వి "కానీ బిడ్డా, అది మగపిల్లలకు" అన్నారు. అందరూ నవ్వినరు. నవ్విన వాళ్లల్లో నా బెంచీ వాళ్లు కూడా ఉన్నరు. పేర్లు రాయను.

ఆ రోజు నుంచి ఈ వ్యాసం నా కడుపులో ఉంది.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది తిర్యాణి దిక్కు అడివిలో ఒక గూడెం. మా గోండి భాషలో నిప్పును కిస్ అంటం, నీళ్లను ఏర్ అంటం. చిన్నప్పుడు నేర్చుకునే మొదటి మాటల్లో ఈ రెండూ ఉంటయి. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు ఎండకాలం, మిట్టమధ్యాహ్నం, గూడెం చివర గడ్డి ఇల్లు ఒకటి అంటుకుంది. గాలి మా దిక్కు కొట్టింది. రెండోది మా పెద్దబాపు ఇల్లు, మూడోది మాది. రేటు పెరుగుతుందని బాపు పత్తి అమ్మకుండా ఇంట్లనే కుప్ప పోసి పెట్టిండు. పత్తి మంట ఎట్లుంటదో చూడని వాళ్లకు చెప్తున్న. పైన ఆరినట్టు కనిపిస్తది, లోపల రాజుకుంటనే ఉంటది. బిందెతో పోస్తే పైనపైన తడుస్తది. తెల్లారి కూడా మా పత్తిలోంచి పొగ వచ్చింది.

ఫోను సిగ్నలు కోసం ఒకతను గుట్ట ఎక్కిండు. ఫైరింజను బయలుదేరింది గానీ వాగు దాటే తొవ్వ లేదు. అవతలి ఒడ్డు మీద ఆగింది. ఆ బండి వాళ్లను నేను ఏమీ అనడం లేదు. వాళ్లు దిగి నడిచి వచ్చి, మాతో పాటు బిందెలు మోసిండ్రు. ఒకాయన మా మేకపిల్లను బయటికి గుంజిండు. చేతి మీద బొబ్బ లేసింది. యాయో ఆయనకు నీళ్లిచ్చింది. ఆయన తాగకుండా మొకం మీద పోసుకున్నడు. అది చూసినప్పుడే నాకు ఈ పని మీద మనసైంది.

ఆ మంటలో పట్టా కాగితం, నా కులం సర్టిఫికెట్, యాయో పెళ్లి చీర, అన్నీ పోయినయి. ఈ హాస్టల్లో నన్ను చేర్పించేటప్పుడు మళ్లీ కాగితాలు చేయించడానికి బాపు ఎన్నిసార్లు తిరిగిండో లెక్క లేదు.

అందుకే వారోత్సవాలు ఏప్రిల్ 14ననే ఎందుకు మొదలైతయో సార్లు చెప్పినప్పుడు నేను గట్టిగ విన్న. 1944లో అదే తారీఖున బొంబాయి ఓడరేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ అంటుకుంది. అందులో పేలుడు మందు ఉంది, పత్తి బేళ్లు కూడా ఉన్నయి. ఆర్పుతుండగా ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. పత్తి అనగానే నాకు మా ఇల్లే కండ్లల్ల మెదిలింది.

ఇంక మనం ఉన్న నస్పూరు సంగతి. ఇది శ్రీరాంపూర్ బాయిల పక్క ఊరు. మన క్లాసులో ఇంటి నుంచి వచ్చే వాళ్ల నాన్నలు చాలామంది బాయి పనికి పోతరు. బొగ్గును ఎవరూ అంటుబెట్టక్కర లేదు. గాలి తగిలితే లోలోపల వేడెక్కి దానంతట అదే రాజుకుంటది. సైన్సు మేడం చెప్పారు, మంటకు మూడు కావాలె: కాలేది, వేడి, గాలి. బాయిలో మంట లేస్తే ఆ భాగానికి గోడ కట్టి గాలి ఆపుతరు. నిప్పు కంటే ముందు కార్బన్ మోనాక్సైడ్ వాయువు మనిషిని తీస్తది. దానికి వాసన లేదు, రంగు లేదు. అందుకే రెస్క్యూ వాళ్లు సిలిండరు వీపుకు కట్టుకొని, ముసుగు వేసుకొని దిగుతరు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిలో నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయిన సంగతి ఈ బెల్టులో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తరు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లాలో ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకుంటే, సింగరేణి రెస్క్యూ వాళ్లు కూడా పోయి వెతికిండ్రు. అంటే ఇక్కడ నిప్పుతో, పొగతో కొట్లాడే పని కొత్తది కాదు. మన గేటు ముందు నుంచే ఆ పని వాళ్ల బస్సులు పోతయి.

ఇప్పుడు అసలు సంగతి. 2022లో తెలంగాణ పోలీసు నియామక మండలి నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో కానిస్టేబులుకు పెట్టిన పేరు స్టైపెండరీ కేడెట్ ట్రైనీ. ఆ పేరు నేను మూడుసార్లు చదివి నోటికి పట్టించుకున్న. అంటే నేర్చుకునే రోజుల్లోనే పైసలు ఇస్తరు. అదే నోటిఫికేషన్‌లో 610 ఫైర్‌మన్ పోస్టులు ఉన్నయి. అవి మగవాళ్లకు. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో పిలిచిన ఫైర్‌మన్ పోస్టులు కూడా మగవాళ్లకే. 2024 జులైలో హైదరాబాదు దగ్గర వట్టినాగులపల్లిలో 483 మంది ఫైర్‌మన్లు శిక్షణ ముగించి పరేడు చేస్తే ముఖ్యమంత్రి గారు వచ్చారు. లైబ్రరీలో పాత పేపర్ల కట్టలో ఆ ఫొటో చూసిన. వరుసలు ఎంత మంచిగున్నయో. ఒక్క జడ కనిపించలేదు.

నేర్చుకునేటప్పుడు పైసలిచ్చుడు ఎందుకు పెద్ద సంగతి అంటే మా పెద్దబాపు కొడుకు కథ చెప్తాను. అన్న ఇంటర్ అయినంక ఒక గోడ మీద "ఫైర్ అండ్ సేఫ్టీ, ఉద్యోగం గ్యారంటీ" అన్న కాగితం చూసిండు. ఆ ఇన్‌స్టిట్యూటు పేరు రాయను. ఫీజు కోసం పెద్దబాపు ఎడ్లల్ల ఒకదాన్ని అమ్మిండు. ఒక్క ఎద్దుతో దుక్కి ఎట్ల దున్నుతరు? రెండోదాన్ని కూడా అమ్మాల్సి వచ్చింది. అన్నకు సర్టిఫికెట్ వచ్చింది, చాలా నున్నగ ఉంటది. ఉద్యోగం రాలేదు. ఇప్పుడు ఒక గోడౌను కాడ వాచ్‌మన్. సర్కారు ట్రైనింగుకు, దానికి తేడా ఇదే. అక్కడ ముందు ఎంపిక, తర్వాత శిక్షణ, శిక్షణలో స్టైపెండు. ఇక్కడ ముందు ఫీజు, తర్వాత దేవుడు. ఎడ్లు అమ్ముకోలేని ఇంటి పిల్లలకు మొదటి తొవ్వ తప్ప ఇంకో తొవ్వ లేదు. ఆ ఒక్క తొవ్వకు ఆడపిల్లలు రావద్దని బోర్డు పెడితే నాలాంటిది ఏం చేయాలె?

దీని మీద నాతో వాదించిన వాళ్ల మాటలు కూడా రాస్తున్న.

మొదటిది బలం. ఒక సీనియర్ అక్క "పడిపోయిన మనిషిని భుజాన వేసుకొని నిచ్చెన దిగుతవా?" అన్నది. ఇది నిజమైన ప్రశ్న. ఇప్పుడైతే దిగలేను. నా బరువు 38 కిలోలు. అయితే మగపిల్లల్లో కూడా దిగలేని వాళ్లు ఉంటరు. వాళ్లను పరీక్ష పెట్టి ఆపుతరు గానీ పుట్టుక చూసి ఆపరు కదా. మాకూ పరీక్ష పెట్టండి. బరువు మోయించండి, ఉరికించండి. ఫెయిలైతే నేనే గోడపత్రికలో రాస్తా ఫెయిలైనా అని. ఆడ కానిస్టేబుళ్లకు అదే 2022లో 800 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్, 4 కిలోల షాట్‌పుట్ పెట్టారు. ఎత్తు 152.5 సెంటీమీటర్లు, ఏజెన్సీ ఎస్టీ ఆడవాళ్లకు 150. అంటే ఆడవాళ్లకు కొలత ఎట్ల పెట్టాలో వాళ్లకు తెలుసు. నేను ఇప్పుడు 148. ఇంకా రెండు సెంటీమీటర్లు పెరగనా?

రెండోది రాత్రి డ్యూటీ. దవాఖానలో నర్సమ్మలు రాత్రి డ్యూటీ చేస్తలేరా? యాయో నన్ను నర్సు కమ్మంటది. అదీ రాత్రి పనే అంటే "అది వేరే" అంటది. ఎట్ల వేరేనో చెప్పదు.

మూడోది మన వార్డెన్ మేడం అన్న మాట. "మీ మంచికే చెప్తున్న, ఆడపిల్లకు ఆ తిప్పలు ఎందుకు?" మేడం మీద నాకు గౌరవం ఉంది. జ్వరం వచ్చినప్పుడు రాత్రి రెండింటికి లేచి నా నుదురు మీద తడిగుడ్డ వేసింది మేడమే. కానీ మేడం, మా గూడెంలో ఇల్లు కాలిననాడు బిందెలు మోసింది ఎక్కువ ఆడవాళ్లే. మగవాళ్లు చేన్లల్ల ఉన్నరు. తిప్పలు ఎట్లాగూ మాకే వస్తున్నయి. ఆ తిప్పలకు బూట్లు, టోపీ, జీతం మాత్రం మాకు రావద్దా?

మలావత్ పూర్ణ అక్క పదమూడేళ్లకు, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిందని ప్రతి స్పీచిలో మనకు చెప్తరు. మన లెక్కనే గురుకులంలో చదివిన గిరిజన పిల్ల అని చప్పట్లు కొట్టిస్తరు. ఎవరెస్టు ఎక్కనిచ్చిన వాళ్లు ఫైరింజను నిచ్చెన ఎక్కనియ్యరా? అది ముప్పై అడుగులో ఎంతో ఉంటది, అంతే.

ఇంక ఆడవాళ్లు ఎక్కడా లేరని కాదు. నాగ్‌పూర్‌లో జాతీయ ఫైర్ సర్వీస్ కాలేజీ ఉంది. మంచిర్యాల స్టేషన్‌ల రైలెక్కితే పోవచ్చు. అందులో 2002లో మొట్టమొదటి ఆడపిల్లగా హర్షిణి కన్హేకర్ చేరారు. తర్వాత ఓఎన్‌జీసీలో ఫైర్ ఆఫీసరు అయ్యారు. తమిళనాడులో ఆడ ఫైర్ ఆఫీసర్లు 2003 నుంచే ఉన్నరు. బాయిల సంగతి చూసినా అంతే. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లను భూమి లోపలికి దిగనియ్యలేదు. 2019లో సాంకేతిక, పర్యవేక్షణ పనులకు పగటిపూట దిగవచ్చని కేంద్రం ఒప్పుకుంది. 2025లో సింగరేణి ఆడ ఉద్యోగులకు కూడా రెస్క్యూ శిక్షణ ఇచ్చింది. భూమి లోపల మంట కాడికి ఆడవాళ్లు పోవచ్చు, భూమి మీద మంట కాడికి పోవద్దా? ఈ లెక్క నాకు ఎంత చేసినా కుదరడం లేదు. లెక్కల్లో నేను అంత మంచిదాన్ని కాకపోవచ్చు గానీ ఇది చిన్న లెక్కే.

నాకు భయం లేదని రాస్తే అబద్ధమైతది. పొగ వాసన వస్తే ఇప్పటికీ గుండె దడదడ కొట్టుకుంటది. వంటగదిలో పోపు మాడినా లేచి కూచుంటా, పక్క మంచం వాళ్లకు తెలుసు. ఆ భయం ఉన్నందుకే నేను మన హాస్టల్లో కొన్ని చూసిన. వెనక గేటు తాళం ఆఫీసులో ఉంటది, ఆఫీసుకు ఇంకో తాళం. వంటగది సిలిండరు దగ్గర ఎర్ర బకెట్లు ఉన్నయి, వాటిలో ఇసుక బదులు ఉల్లిగడ్డలు ఉన్నయి. నవ్వకండి. ఆ తాళంచెవి రాత్రిపూట వాచ్‌మన్ అన్న దగ్గర ఉండాలని, నెలకొకసారి అందరం లైనులో బయటికి వచ్చే ప్రాక్టీసు చేయాలని మేడం గారిని వేడుకుంటున్న. ఆ సార్లు చెప్పిన పద్ధతి నాకు గుర్తుంది, నేను నేర్పిస్తా. నూనె మంట మీద నీళ్లు పోయొద్దు, మూత పెట్టాలె. పొగలో నిలబడి ఉరకొద్దు, నేల మీద పాకాలె. ఫోను 101.

రెండో సంగతి. వచ్చే నోటిఫికేషన్‌లో ఫైర్‌మన్ పోస్టుల్లో ఆడపిల్లలకు కూడా కొన్ని పెట్టాలని నియామక మండలి చైర్మన్ గారికి ఒక అర్జీ రాసిన. తెలుగు టీచరు చూసి రెండు చోట్ల దీర్ఘం పెట్టారు, అంతే. ఆదివారం టిఫిన్ అయినంక మెస్సు బల్ల మీద పెడతా. ఆ రోజు గ్రౌండులో నవ్విన వాళ్లు కూడా సంతకం పెట్టవచ్చు. పెన్ను నేనే తెస్తా. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు యాయో వేలిముద్ర కూడా వేయించుకొస్తా. ముద్ర వేసే ముందు అందులో ఏముందో చదివి వినిపించమంటది. గోండిలో చెప్పాలె, ఫైర్‌మన్‌కు మా మాట ఏందో ఇంకా దొరకలేదు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని, నస్పూర్