ఇంటి అలంకరణ ఎవరి కోసం?



షాబాన్ నెల సగం గడిచేసరికి ప్రొద్దుటూరులోనైనా, జమ్మలమడుగులోనైనా, పులివెందులలోనైనా మన ఇండ్ల వద్ద పనుల సందడి మొదలవుతుంది. గోడలకు సున్నమో, రంగో పడుతుంది. మంచాలు, బీరువాలు వాకిట్లోకి వస్తాయి. పర్దాల గుడ్డ కోసం స్త్రీలు బజారుకు బయలుదేరుతారు. శుభాల మాసమైన రంజాన్‌ను, దాని వెంట వచ్చే ఈద్‌ను శుభ్రమైన ఇంటితో స్వాగతించాలన్న ఈ తపన అభినందనీయమైనది.

అయితే ఇటీవల ఈ తపనకు మరొక విషయం తోడయింది. సెల్‌ఫోన్లలో దేశదేశాల ఇండ్ల చిత్రాలు కనిపిస్తున్నాయి. వాటిలో డెన్మార్క్ ఇండ్లకు ఒక ప్రత్యేకమైన పేరు ఉన్నది. తెల్లని గోడలు, లేత రంగు కొయ్య సామాను, కళ్ళకు గుచ్చుకోని దీపకాంతి, పండుగనాడు కాగితంతో, కొమ్మలతో చేసిన చిన్న చిన్న అలంకారాలు. మన ఇంటిని కూడా ఇలా తీర్చిదిద్దుకోవచ్చా, షరీఅత్ దీనిని అనుమతిస్తుందా అని అడిగే యువ దంపతులు ఉన్నారు. ప్రశ్న సమంజసమైనదే. కాని దానికంటే ముందు మరొక ప్రశ్న వేసుకోవాలి. ఇంటిని మనం ఎవరి కోసం అలంకరిస్తున్నాము?

ఇస్లాం అందానికి వ్యతిరేకం కాదు. అల్లాహ్ తన దాసుల కోసం సృష్టించిన అలంకారాన్ని నిషేధించే అధికారం ఎవరికి ఉన్నదని సూరా ఆరాఫ్ 32వ వాక్యం నిలదీస్తుంది. దానికి ముందరి వాక్యమే తినండి, త్రాగండి, కాని మితిమీరకండి అన్న హెచ్చరికను వినిపిస్తుంది. ఈ రెండు మాటలు పక్కపక్కనే ఉండటంలో గొప్ప వివేకం ఉన్నది. అల్లాహ్ సౌందర్యవంతుడని, సౌందర్యాన్ని ఇష్టపడతాడని దైవప్రవక్త (స) తెలిపారు. విశాలమైన ఇంటిని మనిషి సౌభాగ్యాలలో ఒకటిగా పేర్కొన్నారు. కనుక ఇల్లు బాగుండాలని కోరుకోవటం ధర్మానికి విరుద్ధం కాదు.

మరి బాగుండటమంటే ఏమిటి? సూరా నహ్ల్ 80వ వాక్యం ఇంటి గురించి ప్రస్తావిస్తూ, అల్లాహ్ మీ ఇండ్లను మీకు ‘సకన్’గా చేశాడని చెబుతుంది. సకన్ అంటే మనసు, శరీరం రెండూ కుదుటపడే చోటు. అదే వాక్యం ఉన్నితో, బొచ్చుతో, వెంట్రుకలతో తయారయ్యే గృహోపకరణాలను కూడా దైవానుగ్రహాలుగా పేర్కొంటుంది. కాని అవి ‘కొంతకాలం వరకే’ అన్న మాటతో ముగుస్తుంది. ఇంటి అలంకరణకు కావలసిన కొలబద్ద మొత్తం ఈ ఒక్క వాక్యంలో ఉన్నది. ఇల్లు విశ్రాంతి కోసం. సామాను అనుగ్రహం. దాని ఆయువు స్వల్పం.

ఇప్పుడు డెన్మార్క్ ఇండ్ల విషయానికి వద్దాము. ఆ దేశం ఉత్తరాన ఉన్నది. డిసెంబరు నెలలో వారి రాజధాని కోపెన్‌హేగన్‌లో పగలు సుమారు 7 గంటలు మాత్రమే. చలి, చీకటి కారణంగా మనుషులు ఎక్కువ కాలం ఇంట్లోనే గడుపుతారు. కనుక ఉన్న కాస్త వెలుతురును ఇంటినిండా పరచటానికి గోడలకు తెలుపు, కొయ్యకు లేత రంగు వాడుకున్నారు. పాల్ హెన్నింగ్‌సెన్ (1894–1967) అనే డెన్మార్క్ దేశస్థుడు తన జీవితంలో ఎక్కువ భాగం దీపాల రూపకల్పనలోనే గడిపాడు. పొరలు పొరలుగా రేకులు అమర్చి, బల్బు నేరుగా కంటికి కనిపించకుండా, కాంతి మాత్రం మెత్తగా క్రిందికి జారేటట్లు చేయటం ఆయన సాధించిన పని. 1958లో వచ్చిన ఆయన దీపం నేటికీ అక్కడి భోజనపు బల్లల మీద వేలాడుతుంది. హాన్స్ వెగ్నర్ అనే మరొక శిల్పి 1949లో రూపొందించిన కుర్చీ ఈనాటికీ తయారవుతున్నది. దాని కూర్చునే భాగాన్ని సుమారు 120 మీటర్ల కాగితపు త్రాడుతో పనివారు చేతితోనే అల్లుతారు.

ఇది చదివినప్పుడు మనకు ఏది గుర్తుకు రావాలి? మన నులక మంచం గుర్తుకు రావాలి. కొయ్య చట్రానికి త్రాడు అల్లి, వదులైనప్పుడు మళ్ళీ బిగించి, తరతరాలు వాడుకున్న మంచం అది. వారు తమ నులకను ప్రపంచానికి చూపించి గౌరవం పొందారు. మనము మన నులకను పెరట్లోకి నెట్టి, నాలుగేళ్ళకు ఊడిపోయే సోఫాను వాయిదాలపై తెచ్చుకున్నాము.

వారి భాషలో ‘హ్యూగ’ అనే మాట ఒకటి ఉన్నది. అయినవారు ఒకచోట చేరి, హడావుడి లేకుండా, వెచ్చగా, నెమ్మదిగా గడిపే సమయంలోని హాయిని వారు ఆ పేరుతో పిలుస్తారు. వ్యాపారులు ఈ మాటను కొవ్వొత్తులు, కంబళ్ళు అమ్ముకోవటానికి వాడుకుంటున్నారు. కాని ఆ మాటలోని అసలు సరుకు అంగడిలో దొరకదు. అది కలిసి కూర్చోవటంలో ఉన్నది. మనకు సకన్ అన్న పదం 1400 ఏండ్లకు పైగా చేతిలో ఉండగా దాని రుచిని మాత్రం మరచిపోయాము.

కనుక డెన్మార్క్ నుండి నేర్చుకోవలసింది తెల్లరంగు కాదు. తమ నేలను, తమ వాతావరణాన్ని, తమ ఇంటివారి అవసరాన్ని చూసి ఇల్లు అమర్చుకున్న పద్ధతిని నేర్చుకోవాలి. వారికి ఎండ కరువు, మనకు ఎండ బరువు. వేసవిలో 40 డిగ్రీలు దాటే కడప జిల్లాలో వారి పెద్ద పెద్ద అద్దాల కిటికీలను అనుకరిస్తే ఇల్లు కొలిమి అవుతుంది.

మన పెద్దలు ఈ నేలకు తగిన ఇల్లు ఏనాడో కట్టుకున్నారు. మందమైన గోడలు, దూలాల మీద మట్టి పరచిన మిద్దె, వెలుతురు దిగటానికి పైకప్పులో గవాక్షి, దీపం పెట్టుకోవటానికి గోడలో గూడు. నేలకు బండ. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల సున్నపురాయి గనుల నుండి వచ్చే నల్లబండకు ఎంత పేరంటే, ముంబయి ఇండ్లలో వంటగట్టు రాతిని నేటికీ ‘కడప్పా’ అనే పిలుస్తారు. వేసవి మధ్యాహ్నం ఆ బండపై చాప వేసుకొని పడుకున్నవారికి దాని విలువ ఒకరు చెప్పనక్కరలేదు. ఊరి పేరును దేశమంతటా మోస్తున్న ఆ రాతిని మనమే తవ్విపారేసి, కాలు జారే గాజుపలకలు పరుచుకుంటున్నాము. వాటిపై జారిపడేది ఎక్కువగా వుజూ చేసి తడికాళ్ళతో వచ్చే వృద్ధులే.

పరుపులు, దిండ్ల విషయంలో మన సమాజానికి ప్రత్యేకమైన వారసత్వమే ఉన్నది. విల్లుతో దూదిని ఏకి, పరుపులు కుట్టి ఊరూరి ఇండ్లకు నిద్రను అందించినవారు దూదేకుల, నూర్‌బాషా సోదరులు. పాత చీరలను పొరలుగా పేర్చి అవ్వలు కుట్టిన బొంతలలో ఎంతటి రంగుల పొందిక ఉండేదో చూసినవారికి తెలుసు. ఆ బొంత ఒకటి మంచంపై పరిస్తే ఆ గదికి వేరే అలంకారం అవసరం లేదు.

ఖాళీ స్థలం కూడా ఒక అందమే. జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని గండికోటలో ఉన్న జామియా మసీదును చూడండి. విశాలమైన ప్రాంగణం, వరుస కమానులు, జంట మీనార్లు. సామాను ఏమీ లేని ఆ ఆవరణలో అడుగుపెట్టినవారి గొంతు తనంతట తానే నెమ్మదిస్తుంది. ఇంట్లో ఒక గోడనైనా ఖాళీగా వదిలితే కంటికి, మనసుకు అటువంటి విశ్రాంతి లభిస్తుంది.

ఈ విషయంలో దైవప్రవక్త (స) గృహమే మనకు పాఠశాల. హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి ద్వారానికి ఒక అలంకారపు వస్త్రాన్ని వ్రేలాడదీశారు. ప్రయాణం నుండి తిరిగివచ్చిన దైవప్రవక్త (స) ముఖంలో అయిష్టత కనిపించింది. ఆయన ఆ వస్త్రాన్ని లాగివేసి, రాళ్ళకు, మట్టికి వస్త్రాలు తొడగమని అల్లాహ్ మనలను ఆదేశించలేదని చెప్పారు. అప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) దానిని కత్తిరించి, ఖర్జూరపు నార నింపి రెండు దిండ్లు చేశారు. వాటికి ఆయన అభ్యంతరం చెప్పలేదు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ సంఘటనను శ్రద్ధగా గమనించండి. వస్త్రం అదే. గోడను కప్పినప్పుడు అది ఆయనకు నచ్చలేదు. మనిషి తలకు ఆసరా అయినప్పుడు దానికి ఇంట్లో చోటు దొరికింది. ఇంటి అలంకరణ ఎవరి కోసం అన్న ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన సమాధానం ఏముంటుంది? మరొక సందర్భంలో, ఒక తెరపై ఉన్న బొమ్మలు నమాజులో తన దృష్టికి అడ్డువస్తున్నాయని, దానిని తొలగించమని ఆయన చెప్పినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. అంటే ఇంటి అలంకారం ఆరాధనకు పోటీ కారాదు.

ఇక అసలు బాధాకరమైన విషయం చెప్పుకోవాలి. ప్రొద్దుటూరు బంగారానికి పేరుపొందిన పట్టణం. కాని అదే బంగారాన్ని కుదువపెట్టి హాలుకు ఫాల్స్ సీలింగు వేయించుకునే కుటుంబాలు ఉన్నాయి. కువైట్, సౌదీ ఎండలలో భర్త చెమటోడ్చి పంపిన డబ్బు గాజు షోకేసులోని ప్లాస్టిక్ పూలుగా మారిపోతున్నది. చీనీ, అరటి తోటలు ఒక ఏడు బాగా పండితే కట్టిన ఇల్లు, మరుసటి ఏడు పండకపోతే అప్పుల కుప్ప అవుతున్నది. వడ్డీ వ్యవహారాన్ని వదలనివారిపై అల్లాహ్, ఆయన ప్రవక్త తరఫున యుద్ధప్రకటన ఉన్నదని సూరా బఖరా 279వ వాక్యం హెచ్చరిస్తున్నది. ఆ హెచ్చరికను భుజాన వేసుకొని తెచ్చిన సోఫాపై ఏ సకన్ దొరుకుతుంది? అతిథుల కోసం అమర్చిన ఆ గదికి తాళం ఉంటుంది. కన్నతల్లి మాత్రం గాలి ఆడని వెనుక గదిలో పడుకుంటుంది.

ఆడపిల్ల పెండ్లి వచ్చేసరికి ఈ పోటీ మరింత క్రూరమవుతుంది. డబుల్‌కాట్ మంచం, డ్రెస్సింగ్ టేబుల్, బీరువా జాబితాలో లేకుంటే నిఖా కుదరని పరిస్థితి. దైవప్రవక్త (స) ముద్దుబిడ్డ హజ్రత్ ఫాతిమా (రజి) అత్తింటికి వెళ్ళినప్పుడు ఆమె వెంట వెళ్ళినవి ఒక దుప్పటి, ఒక నీటితిత్తి, గడ్డి నింపిన ఒక దిండు అని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఇంటిని అమర్చే బాధ్యత వరునిది. ఆ భారాన్ని వధువు తండ్రి నెత్తిన పెట్టటం అన్యాయం.

అయితే ఈద్‌కు ఇంటిని ఎలా తీర్చిదిద్దాలి? మొదట తగ్గించండి. వాడని సామాను, వేసుకోని బట్టలు, అదనపు పాత్రలు శుభ్రపరచి అవసరమున్నవారికి ఇవ్వండి. ఇంట్లో చోటు పెరుగుతుంది, సదఖా పుణ్యం దక్కుతుంది. గోడలకు సున్నం చాలు. మిద్దె పైభాగానికి కూడా తెల్లసున్నం పూస్తే క్రింది గదులలో వేడి తగ్గుతుంది. కళ్ళు మిరుమిట్లు గొలిపే దీపాలు నాలుగు తీసివేసి, గోడవైపు తిప్పిన మెత్తని దీపం ఒకటి పెట్టండి. ఒక మూలను నమాజుకు కేటాయించి జానమాజ్, రిహల్, ఖుర్‌ఆన్ ప్రతి అక్కడ ఉంచండి. ఆ మూలకు ఎదురుగా బొమ్మలు ఉండనివ్వకండి.

డెన్మార్క్‌లో పండుగకు పెద్దలు, పిల్లలు ఒకే బల్ల చుట్టూ కూర్చొని కాగితపు అలంకారాలు అల్లుతారు. ఆ పండుగ వారి మతానికి చెందినది, దాని చిహ్నాలు మనకు అవసరం లేదు. కాని పిల్లలతో కూర్చోవటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. రంజాన్ చివరి రోజులలో ఇఫ్తార్ తరువాత పిల్లలను కూర్చోబెట్టుకొని రంగుకాగితాలతో నెలవంకలు, నక్షత్రాలు కత్తిరించండి. ‘ఈద్ ముబారక్’ అని తెలుగులో, ఉర్దూలో వారి చేతనే వ్రాయించండి. అక్షరాలు వంకరగా ఉన్నా గుమ్మానికి అవే కట్టండి. పండుగ రాత్రి తక్బీర్ ఇంట్లో వినిపించనివ్వండి. ఉదయం అత్తరు పరిమళం, షీర్ ఖుర్మా ఆవిరి, ఉతికిన దుప్పట్ల శుభ్రత. ఇవి ఏ ఇంటికీ బరువు కావు.

రెండు పనులు మాత్రం మరువకండి. కొత్త పర్దాను ముందుగా ఇంట్లోని అవ్వ, తాతల గదికి కట్టండి. ఈద్ నమాజుకు ముందే ఫిత్రా చెల్లించి, పక్కింట్లో పొయ్యి వెలిగిందో లేదో చూడండి. పొరుగువాడు ఆకలితో ఉండగా మన గుమ్మానికి వ్రేలాడే తోరణం మనలను సమర్థించి సాక్ష్యం చెప్పదు.

ఇంట్లోకి వచ్చినవాడు ‘ఎంత ఖర్చయింది?’ అని అడిగితే ఆ అలంకారం గోడల కోసం జరిగినట్లు. ‘ఇంకాసేపు కూర్చోవాలని ఉన్నది’ అంటే అది మనుషుల కోసం జరిగినట్లు. అల్లాహ్ మన ఇండ్లను సకన్ నిలయాలుగా చేయుగాక! వడ్డీ నుండి, దుబారా నుండి, ప్రదర్శనాబుద్ధి నుండి మనలను కాపాడుగాక! ఆమీన్.