ఒకే పెనం... రెండు గడియారాలు!

రాత్రి పదింటికి చిల్లకూరులో ఓ ఇంట ఫోన్ మోగిందనుకోండి. అవతల డాలస్‌లో చదువుకుంటున్న కొడుకు. అక్కడది మధ్యాహ్నం వంట వేళ.

‘‘మా! మాంసం చెప్పుతోలులాగా అయింది. ఈ బుల్లి క్యాబేజీలేమో కంపు కొడుతున్నాయి. రెండూ పారబోసేదేనా?’’

‘‘రెండూ ఒక్కసారే ఏసేసినావా అబ్బయా?’’

ఆ తల్లి స్టేక్‌ని చూసి ఉండదు. బ్రసెల్స్ స్ప్రౌట్స్ పేరూ విని ఉండదు. అయినా తప్పు ఎక్కడ జరిగిందో ఇట్టే పట్టేస్తుంది. ఎందుకంటే, 2022లో జిల్లాల విభజన జరిగి చిల్లకూరు తిరుపతి జిల్లాలోకి వెళ్లినప్పుడు కూడా అక్కడి వంట మాత్రం నెల్లూరు వంటే. మాంసాన్నీ కూరగాయనీ ఒకే గిన్నెలో వండటం ఆ వంటింటికి కొత్త కాదు.

చింతచిగురు మాంసం సంగతే చూడండి. నెల్లూరు జాతి గొర్రెల్లో జోడిపి, పల్ల, దొర అని మూడు రకాలు. ఒంటిమీద ఉన్ని ఉండదు. ఎత్తులో మాత్రం దేశంలోని గొర్రెలన్నిటిలోనూ ముందువరసే! తిరిగి మేసే జీవం కాబట్టి తొడ, భుజం ముక్కల్లో పీచు గట్టిగా ఉంటుంది. అది కరిగి మెత్తబడాలంటే సన్నని సెగమీద గంటకు పైగా పడుతుంది. చిగురుకేమో అయిదు నిమిషాలు చాలు. అందుకే మాంసం ఉడికాకే చిగురు వేస్తారు.

అదే బీరకాయ రొయ్యలైతే లెక్క తారుమారు. రొయ్య మూడు నాలుగు నిమిషాల్లో ఉడుకుతుంది. ఇంకాసేపు ఉంచితే రబ్బరే! అందుకే రొయ్యల్ని ముందు వేయించినా తీసి పక్కన పెట్టి, బీరకాయ మగ్గాక కలపాలి. అంటే ‘మాంసం ముందు, కూర తర్వాత’ అన్నది సూత్రం కాదు. దేని గడియారం దానిదే!

మరి స్టేక్? అది పులుసు ముక్క కాదు, మెత్తని భాగంలోంచి అంగుళం మందాన కోసిన పలక. దానికి కావలసింది గంటసేపు సెగ కాదు, కొద్ది నిమిషాల గట్టి వేడి. పెనంలో తడి ఉంటే ఆ వేడంతా నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. అప్పుడు ముక్క వేగదు, ఉడుకుతుంది. స్ప్రౌట్స్‌దీ అదే కథ. క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్, ఇవీ... అన్నీ ఒకే వృక్షజాతి. వీటిలో గంధకం ఉన్న పదార్థాలుంటాయి. ఎక్కువసేపు ఉడికించామా... ఇల్లంతా కంపే!

కాబట్టి పద్ధతి ఇదీ. ముక్కని తడి లేకుండా అద్ది ఉప్పు, మిరియాలపొడి రాయాలి. మందపాటి పెనం బాగా కాలాక కాస్త నూనె వేసి ఒక్కోవైపు మూడు నాలుగు నిమిషాలు కాల్చి పళ్లెంలోకి తీయాలి. లోపల 63 డిగ్రీల సెల్సియస్ వేడి చేరాలనీ, తర్వాత కనీసం మూడు నిమిషాలు కదపకుండా ఉంచాలనీ అమెరికా ప్రభుత్వ సూచన. ఆ విరామమే స్ప్రౌట్స్ సమయం! మంట తగ్గించి, సగానికి కోసిన చిన్న స్ప్రౌట్స్‌ని అదే పెనంలో, అదే కొవ్వులో కోసినవైపు కిందకి పరిచి, మూత పెట్టకుండా ఏడెనిమిది నిమిషాలు వేయిస్తే చాలు. పళ్లెంలో ఊరిన రసాన్ని చివర్లో పైన పోయాలి. స్టేక్ అంటే అక్కడ ఎక్కువగా గొడ్డుమాంసమే. తినని ఇళ్లవారు గొర్రెపిల్ల చాప్స్‌నీ ఇలాగే వండుకోవచ్చు.

అన్నట్టు, స్టేక్‌కి పేరుమోసిన బ్రెజిల్‌లో మాంసం పశువుల్లో అత్యధికం ‘నెలోర్’ జాతివే. ఆ పేరు మన నెల్లూరుదే! అవి మన ఒంగోలు పశువుల సంతతి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది మరి. అక్కడివారు మాంసం పక్కన ‘కోవి’ అనే ఆకుకూర తింటారు. అదీ క్యాబేజీ జాతే. సన్నగా తరిగి, ఆఖర్న ఒక్క నిమిషం పెనంమీద తిప్పి తీసేస్తారు. సముద్రాలు దాటినా సూత్రం మారలేదన్నమాట!

ఇంతకీ డాలస్ అబ్బాయి వంట?

‘‘పారబోయబాక అబ్బయా! ఆ మాంసాన్ని పీచుకి అడ్డంగా, పల్చగా కొయ్యి. ఉల్లిపాయ, మిరియాలేసి వేయించుకో. ఆ క్యాబేజీలమీద నిమ్మకాయ పిండు. ఈ పూటకి తిను. ఈసారి మాత్రం రెండూ ఒక్కసారి ఏయబాక.’’