బర్మా క్యాంపును మరిచిపోతే ఎలా?

హైదరాబాద్ బాలాపూర్‌లో టార్పాలిన్ల కింద తలదాచుకున్న రోహింగ్యాల మాటెత్తితే చాలు, ‘ముందు పంపించేయండి’ అంటున్నాం. 2017లో మయన్మార్ సైన్యం వాళ్ల ఊళ్లకు ఊళ్లు తగలబెడితే ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అప్పట్లో బర్మా అని పిలిచిన అదే దేశం నుంచి 1942లో జపాన్ బాంబులకు భయపడి, 1962 తర్వాత సైనిక పాలనలో బతుకుతెరువు పోగొట్టుకుని మన తెలుగువాళ్లూ కట్టుబట్టలతో వచ్చారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు అందుకు సాక్ష్యం. మనవాళ్లకు తిరిగి రావడానికి సొంత గడ్డ ఉంది; రోహింగ్యాలకు మయన్మార్ 1982 చట్టం పౌరసత్వమే లేకుండా చేసింది. తనిఖీలు చేయండి, నేరం చేసినవాణ్ని శిక్షించండి. ఒకడి తప్పును బస్తీ మొత్తానికి అంటగట్టకండి. 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం పెట్టని మన దేశానికి సొంతంగా ఒక శరణార్థి చట్టం కావాలి. అది వచ్చేదాకా, ప్రాణభయంతో వచ్చినవాళ్లను మళ్లీ ఆ మంటల్లోకే తోసేయకూడదు.