ఇంటికి ఆటయంత్రమా? కంప్యూటరా?



సెలవులు దగ్గరపడినకొలది పిల్లల కోరికలు పెరుగుట సహజము. ఈ కాలమున వారు ముఖ్యముగా కోరునది వీడియో ఆటలాడు యంత్రము. దీనిని కన్సోల్ అందురు. సోనీవారి ప్లేస్టేషన్, మైక్రోసాఫ్ట్‌వారి ఎక్స్‌బాక్స్, నింటెండోవారి స్విచ్ అనునవి ఈ జాతిలోనివే. ఆ ఆటలనే కంప్యూటరుపైనను ఆడవచ్చును. ఆటలన్నియు కాలహరణమేయని కొట్టివేయుట సులభము. కాని మన యింట వలదన్నచో పిల్లలు పొరుగింట ఆడుదురు. కావున కొనక తప్పనిచో ఏది కొనవలెనో ఈ నెల విచారింతము. కంప్యూటరే మేలని మా యభిప్రాయము.

మొదట ఎదుటి పక్షమును చెప్పుట న్యాయము. కన్సోల్ వెల తక్కువ. అంతే శక్తితో ఆటలాడించు కంప్యూటరుకు సామాన్యముగా అంతకంటె నెక్కువ సొమ్ము కావలెను. కన్సోల్‌ను టెలివిజనుకు తగిలించి మీట నొక్కినచో ఆట సిద్ధము. ఒక జాతి యంత్రములన్నియు ఒక్క తీరున నుండును గనుక, కొన్న ఆట నడచునో నడవదో యను బెంగ లేదు. డిస్కుపై కొన్న ఆటను ఆడి ముగించి ఎరవీయవచ్చును, అమ్ముకొననువచ్చును. ఇవి చిన్న సుగుణములు కావు.

అయినను కొన్ననాటి వెల వేరు, ఏడాది పొడుగునను పెట్టు ఖర్చు వేరు. ఆవును కొన్న ఇల్లాలు మేత లెక్క మరువరాదు గదా! కన్సోల్‌పై ఇతరులతో గూడి ఆన్‌లైనున ఆడుటకు, సొమ్ము పెట్టి కొన్న ఆటలకు సైతము, పెక్కింటికి వేరుగా చందా కట్టవలెను. కంప్యూటరుపై సామాన్యముగా నట్టి చందా లేదు. వాల్వ్ సంస్థవారు 2003లో తెరచిన స్టీమ్ అను ఆటల అంగడిలో తరచుగా వెలలు తగ్గింతురు. కొన్న ఆట నచ్చనిచో, పదునాలుగు దినములలోపల, రెండు గంటలకు మించి ఆడకుండినచో, సొమ్ము తిరిగి యిత్తురు. 2024 నుండి ఒక యింటివారు ఆరుగురివరకు తాము కొన్న ఆటలలో పెక్కింటిని పంచుకొనుటకును, పిల్లలు ఆడు వేళలకు పెద్దలు హద్దు పెట్టుటకును అందు వీలు కలదు.

ఇక మన్నికను చూడుడు. 2006లో వచ్చిన మూడవ ప్లేస్టేషన్ ఆటల డిస్కులు 2013లో వచ్చిన నాలుగవదానిలో ఆడవు. 2020లో వచ్చిన అయిదవది నాలుగవదాని ఆటలలో చాలవరకు ఆడించుననుట నిజమే. కాని ఆ దయ చేసినవాడు యంత్రకర్తయే. నింటెండోవారు 2023 మార్చిలో తమ 3డీఎస్, వీ-యూ యంత్రముల ఆన్‌లైను అంగళ్లలో అమ్మకములను నిలిపివేసిరి. కంప్యూటరున నట్లు గాదు. 1993నాటి డూమ్ అను ఆట నేటికిని నడచుచున్నది. మరియు బల్లపై నుంచు కంప్యూటరులో జ్ఞాపకశక్తి చాలనిచో ర్యామ్, చిత్రములు తడబడినచో గ్రాఫిక్స్ కార్డు, స్థలము నిండినచో డిస్కు మార్చుకొనవచ్చును. చిమ్నీ పగిలిన లాంతరుకు చిమ్నీ మాత్రము కొనుట మనము ఎరుగనిది గాదు.

మా మనస్సున నున్న అసలు మాట ఇంకను చెప్పలేదు. కన్సోల్ ఇంటికి వచ్చినచో తరచుగా అది కుమారుని సొత్తగును. ఆడపిల్ల దానిని ముట్టవలెనన్న అన్న యనుమతి కావలెను. తల్లికి దానితో నిమిత్తమే లేదు. కంప్యూటరు అట్లుగాక ఇంటిల్లిపాదిది. ఉదయమున అమ్మాయి పాఠము, మధ్యాహ్నమున ఇల్లాలి లెక్కలు, ఉత్తరములు, సాయంకాలమున పిల్లల ఆటలు — ఒక్క వస్తువే అన్నిటికి వచ్చును. బడిపంతుల ఇండ్లలో సొమ్ము పోసి కొన్న వస్తువు రెండు పనులకైన రావలెనను నియమ మొకటి యున్నది. ఇందు నాలుగు పనులు కలవు.

మఱియు కన్సోల్ ముందు పిల్ల ఆడునదిగానే యుండును. కంప్యూటరు ముందు ఆటను చేయునదియు కావచ్చును. 1998లో వచ్చిన హాఫ్-లైఫ్ అను ఆటను ఇద్దరు యువకులు కంప్యూటరుపై మార్చి, 1999లో కౌంటర్-స్ట్రైక్ అను క్రొత్త ఆటను కూర్చిరి. మొదటి ఆటను చేసిన వాల్వ్ సంస్థయే దానిని మరుసటి యేట స్వీకరించి వెలువరించినది. అది తుపాకుల ఆట, పసివారికి తగదు. కాని ఆడినవారే కర్తలైన వైనము గమనింపదగినది. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమువారు 2007లో వెలువరించిన స్క్రాచ్ అను సాధనము ఉచితము. రంగురంగుల ఇటుకలవంటి ఆజ్ఞలను పేర్చి ఎనిమిదేండ్ల బాలిక సైతము చిన్న ఆటను తానే కట్టుకొనగలదు; దీనికి ఖరీదైన యంత్రము అక్కరలేదు. పూనాలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్‌వారు 2020లో వెలువరించిన రాజీ అను ఆటలో నాయిక ఒక బాలిక. తమ్ముని వెదకుచు దుర్గాదేవి యనుగ్రహమున అసురులతో పోరాడును. ఇట్టి కథలు అల్లువారు రేపు మన యిండ్లనుండియు రావలెనన్నచో, నేడు మన బాలికల చేతికి పనిముట్టు నందింపవలెను.

కొన్ని జాగ్రత్తలు. ఒడిలో నుంచుకొను ల్యాప్‌టాప్‌లో భాగములు మార్చుట కష్టము. వీలైనచో బల్లపై నుంచునదే కొనుడు. దానిని నలుగురు మెలగు గదిలోనే యుంచుడు. ఆట కొనుటకు ముందు దానికి ఎంత యంత్రము కావలెనో చదువుడు. తెలియని తావులనుండి ఉచితముగా దింపుకొను ఆటలతో వైరసులు వచ్చును. సంకేతపదమును తల్లి దాచుకొనుట మంచిది. సొమ్ము పణముగా నొడ్డు ఆటల జోలికి మాత్రము పోనీయకుడు. జూదమున ధర్మరాజు గతి యెట్లయ్యెనో మనము చిన్ననాడే విన్నాము. అట్టి ఆన్‌లైను ఆటలను నిషేధించుచు 2025లో పార్లమెంటు చట్టమును చేసినది.

ఇంట చదువునకు వేరొక కంప్యూటరు ఇదివరకే యుండి, ఆడపిల్లకును దానిపై సమాన హక్కు జరుగుచున్నచో, కన్సోల్ కొన్నను దోషము లేదు. ఉన్న సొమ్ము ఒక్క యంత్రమునకే చాలునన్నచో కంప్యూటరు కొనుడు. కొన్ననాడే అమ్మాయి వేళ యేదో, అబ్బాయి వేళ యేదో కాగితముపై వ్రాసి గోడకు అంటింపుడు. అందు మీ వేళ వ్రాయుట మరువకుడు.