రోవరు వచ్చినా తగ్గని సంచి బరువు

తోటకు, చేనుకు, వానకు తట్టుకునే బ్యాగు ఉంటేనే సర్వే సాగేది

అమలాపురం: దాళ్వా కోతలు ముగిసి కాలువలు కట్టేసిన నాటి నుంచి సార్వా నాట్లు పడే వరకు కోనసీమలో గట్టు తగాదాలకు అదను. చేలు ఖాళీగా ఉంటాయి, హద్దు రాళ్లు కనిపిస్తాయి. రుసుము చెల్లించి ఎఫ్‌-లైన్‌ దరఖాస్తు పెట్టుకున్న రైతులు కొలతల తేదీ కోసం ఎదురుచూసేది ఈ రోజుల్లోనే. మండే ఎండ, తొలకరి వాన రెండూ ఈ కాలంలోనే వస్తాయి. ఈ రెండింటి నడుమ సర్వేయరు భుజాన వేలాడే సంచిని గురించి ఆలోచించినవారు తక్కువ. రోవర్లు, డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాల గురించి ఇన్నేళ్లుగా ఇంత చర్చ జరిగినా వాటిని పొలం గట్టు దాకా చేర్చే సంచి మాత్రం ఎవరికి దొరికింది వారు కొనుక్కునే వస్తువుగానే మిగిలింది.

రాష్ట్రంలో సమగ్ర రీసర్వే 2020 డిసెంబరులో ప్రారంభమైంది. అంతకు ముందు 2019లో గ్రామ సచివాలయాల కోసం పదకొండు వేలకు పైగా గ్రామ సర్వేయరు పోస్టులకు ప్రకటన వెలువడింది. 2024లో ప్రభుత్వం మారిన తరువాత విధివిధానాలు సవరించి రీసర్వేను కొనసాగిస్తున్నారు. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో ల్యాండ్‌ పార్సిల్‌ మ్యాపు, కాని గ్రామాల్లో పాత ఎఫ్‌ఎంబీ ఆధారం. ఒక్కొక్కసారి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవలసి వస్తుంది. పాత పద్ధతిలో గొలుసు మోసేందుకు చైన్‌మన్‌, రాళ్లు చూపేందుకు గ్రామ సేవకులు వెంట నడిచేవారు. బరువు నలుగురి మీద పడేది. ఇప్పుడు చాలాచోట్ల ద్విచక్ర వాహనం మీద వచ్చే సర్వేయరు ఒక్కరే ఆ నలుగురి సరంజామా మోయాలి.

కొబ్బరి నీడలో పాత పనిముట్లే గతి

రోవరు ఉంటే టేపు ఎందుకన్న ప్రశ్నకు సమాధానం కోనసీమ కొబ్బరితోటల్లో దొరుకుతుంది. రోవరు కచ్చితంగా పనిచేయాలంటే దానికి ఆకాశం విశాలంగా కనబడాలి, మొబైల్‌ సిగ్నలు అందాలి. దట్టమైన కొబ్బరి మట్టల కింద ఉపగ్రహ సంకేతం చెదిరిపోతుంది. తెర మీద అంకెలు స్థిరపడవు. అలాంటి చోట తోట బయట బట్టబయలులో రెండు బిందువులు రోవరుతో గుర్తించుకొని, అక్కడి నుంచి టేపు, క్రాస్‌ స్టాఫ్‌లతో లోపలికి కొలుచుకుంటూ పోవడమే మార్గం. ఈ కారణంగా కోనసీమ సర్వేయరు సంచిలో రెండు కాలాల పనిముట్లు కలిసి కాపురం చేస్తున్నాయి. కిలో అటూఇటూగా తూగే రోవరు రిసీవరు, దాని కంట్రోలరు, అదనపు బ్యాటరీలు ఒక వైపు. ముప్పై మీటర్ల టేపు, మేకులు, సుత్తి, కొలత బాణాలు, తూకం గుండు, ముగ్గు పొట్లం మరొక వైపు. వీటికి కాగితాలు, స్టాంపు ప్యాడ్‌, రెండు లీటర్ల నీళ్లు కలిపితే బరువు ఏడెనిమిది కిలోలకు తగ్గదు.

రోవరుకు, టోటల్‌ స్టేషనుకు తయారీదారులు లోపల మెత్తటి స్పాంజి అమర్చిన గట్టి పెట్టెలు ఇస్తారు. కాగితానికి అలాంటి పెట్టె ఏదీ రాదు. తగాదా తేల్చేది మాత్రం ఆ కాగితమే. పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. లింకు అంటే 7.92 అంగుళాలు. నూరు లింకులు ఒక గొలుసు, 66 అడుగులు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల చదరం పది సెంట్లు. ఐదు గొలుసుల పొడవున, అంటే 330 అడుగుల గట్టు వెంట, ఒక్క లింకు పక్కకు జరిగితే అర సెంటు భూమి చేతులు మారుతుంది. చెమటకు తడిసిన నకలులో 3 అంకె 8గా కనబడితే తేడా ఐదు లింకులు. రెండున్నర సెంట్లు. కోనసీమలో రెండున్నర సెంట్ల మీద అన్నదమ్ములు మాటలు మానుకున్న ఇళ్లు ఉన్నాయి. కాగితం తడిసి కొలత వాయిదా పడితే చుట్టుపక్కల రైతులకు మళ్లీ నోటీసులు, మళ్లీ ఒక రోజు కూలి నష్టం. ఈలోగా వానలు పడితే చేను నీట మునుగుతుంది, తేదీ మరో పంట కాలానికి పోతుంది.

తడి వాన నుంచే వస్తుందనుకోవడం పొరపాటు. వీపును అంటిపెట్టుకున్న సంచికి ఎక్కువ తడి చెమట ద్వారానే చేరుతుంది. అందువల్ల కాగితాల అర వీపు వైపు ఉండకూడదు. బజారులో దొరికే చాలా బ్యాగుల్లో ల్యాప్‌టాప్‌ అర సరిగ్గా అక్కడే ఉండటం వల్ల నకళ్లు కూడా అందులోకే చేరుతున్నాయి. సర్వేయరు సంచికి కాగితాల అర వెలుపలి ముఖాన, పైన మడత మూతతో, నకలు ముడత పడకుండా గట్టి అట్టతో ఉండాలి. స్టాంపు ప్యాడ్‌, నీళ్ల సీసా ఆ అరకు వీలైనంత దూరాన ఉంచాలి. సిరా కారితే నకలు వానకు తడిసినదానికంటే అధ్వానం.

గుడ్డ, జిప్పు, అడుగు

గుడ్డ విషయంలో కోనసీమ షరతులు కఠినమైనవి. నూలు కాన్వాసు ముళ్లకు చిరగదు, ఎండకు త్వరగా పెళుసెక్కదు. అయితే నీరు పీల్చి బరువెక్కుతుంది, ఆరకముందే మూసి పెడితే బూజు పడుతుంది. మైనం పట్టించుకుంటే కొంత నయం. రెగ్జిన్‌ కొత్తలో నీటిని ఆపినా ఎండకు పగుళ్లిస్తుంది. లోపల పూత వేసిన దళసరి నైలాను తేలిక, త్వరగా ఆరుతుంది. అడుగున, అంచుల వద్ద కాన్వాసు, తక్కిన భాగమంతా దళసరి నైలాను వాడటం ఈ నేలకు తగిన పొత్తు. కుట్టుకు నూలు దారం పనికిరాదు. తడికి, చెమటకు గుడ్డ కంటే ముందు దారమే కుళ్లుతుంది. పట్టీ కుట్టిన చోట నాలుగు వైపులా కుట్టి, మధ్యలో అడ్డంగా రెండు కుట్లు వేయకపోతే సంవత్సరం తిరగకుండానే ఊడిపోతుంది.

అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వంటి తీర మండలాల్లో సమస్య జిప్పు. ఉప్పుగాలికి, రొయ్యల చెరువుల గట్ల మీది బురదకు లోహపు జిప్పు తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. అక్కడ పెద్ద పళ్ల ప్లాస్టిక్‌ జిప్పు, అంతకంటే మేలుగా మడత మూతా ఇత్తడి కొక్కీలూ అమర్చుకోవాలి. అయస్కాంతంతో మూతపడే బ్యాగులు ఈ వృత్తికి అసలే తగవు. పక్కన ఉన్న దిక్సూచి తప్పు దిక్కు చూపుతుంది.

సంచి అడుగుభాగం బురదలో ఆనేది గనుక పాత టైరు రబ్బరు ముక్క వేయించుకోవడం చౌక, మన్నిక. బాణాల మొనలు గుడ్డను పొడుస్తాయి కాబట్టి వాటికి తోలు ఒర కావాలి. లోపలి గుడ్డ లేత రంగులో ఉంటే మేకు, పెన్సిలు వెతుకులాట లేకుండా దొరుకుతాయి. బయట ఖాకీ, ఆకుపచ్చ రంగులు ఎంత హుందాగా కనిపించినా సాయంకాలం చేనులో సంచి ఎక్కడ పెట్టారో తెలియకుండా చేస్తాయి. మూత నారింజ రంగులో ఉంటే ఆ చిక్కు లేదు. బ్యాటరీలకు ముదురు రంగు సంచి మరింత చేటు. ఎండలో నిలిపిన వాహనం డిక్కీలో వాటిని వదిలేస్తే అవి ఎక్కువ కాలం మన్నవు.

భుజానికా, వీపుకా అన్నది సర్వేయర్లలో పాత చర్చ. లంక గ్రామాలకు పడవ ఎక్కాలన్నా, పంట కాలువ మీద తాటి దూలం దాటాలన్నా రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టి వీపు సంచి తప్పదు. కొలత మొదలయ్యాక నిమిషానికోసారి పెన్సిలు, స్కేలు, క్యాలిక్యులేటరు తీయాలి, అందుకు వీపు సంచి అక్కరకు రాదు. పెద్ద సంచికి తగిలించి, కావలసినప్పుడు విడదీసి నడుముకు కట్టుకునే చిన్న సంచి ఉంటే ఈ చర్చకు తావుండదు. బరువైనవి గట్టు మీద దరఖాస్తుదారు దగ్గర ఉంచి, చిన్న సంచితో చేను చుట్టి రావచ్చు. 2019 తరువాత ఈ ఉద్యోగంలోకి మహిళలు గణనీయంగా వచ్చారు. మగవారి భుజాల కొలతకు కుట్టిన పట్టీలు వారికి జారిపోతాయి. పట్టీల మధ్య దూరం సవరించుకునే వీలు, ఛాతీ మీద చిన్న బిగింపు పట్టీ ఉండాలన్నది సదుపాయం కింద కాకుండా అవసరం కింద లెక్కించాలి.

తెలంగాణలో ఇదే ప్రశ్న మరో రూపంలో ఎదురవుతోంది. అక్కడ శిక్షణ పొందినవారికి 2025 అక్టోబరులో ప్రభుత్వం లైసెన్స్‌డ్‌ సర్వేయర్లుగా లైసెన్సులు అందజేసింది. వారు జీతం మీద పనిచేసే ఉద్యోగులు కారు. ఎఫ్‌ఎంబీకి బదులు టిప్పన్‌, సెంటుకు బదులు గుంట. సంచి బరువు మాత్రం ఒక్కటే, కొనుగోలు ఖర్చు సొంతం.

మన్నికైన సంచి కోసం విదేశీ కంపెనీల జాబితాలు తిరగేయనక్కర లేదు. ఆటో సీట్లు, టార్పాలిన్లు కుట్టేవారు మండల కేంద్రాల్లో ఉన్నారు. దళసరి గుడ్డలో దిగే సూది, బలమైన యంత్రం వారి దగ్గర ఉన్నాయి. లోపించింది నమూనా. రోవర్ల కొనుగోలుకు లక్షణాల పట్టిక తయారుచేసే సర్వే శాఖ, సంచికి కూడా ఒక పుట కేటాయించి, జిల్లా స్థాయిలో కుట్టించుకునే వెసులుబాటు ఇస్తే పెద్ద ఖర్చు కాదు. ఆ పుటలో పట్టీలు విడిగా మార్చుకునేలా ఉండాలన్న షరతు తప్పక చేర్చాలి. మిగిలిన సంచి బాగున్నా ముందు తెగేవి అవే. జూన్‌ వానల లోపు చేతికి రావాలంటే కొలతలు, గుడ్డ ఎంపిక సంక్రాంతి నాటికే తేలిపోవాలి.